పేరులేని అచ్చు

సొరబుర్ర పెంకు మరీ ఎండితే కత్తి తగలగానే విరుగుతుంది, పచ్చిగా ఉంటే గీత నిలవదు. రెంటికీ నడుమ అది చెప్పిన మాట వినే పూట ఒకటుంటుంది. ఆ పూట కోసం సర్పోమా ఆ ముక్కను నీడపట్టున పెట్టి, వచ్చినప్పుడూ పోయినప్పుడూ తిప్పి చూసుకుంటూ ఉంది. ఆ పొద్దున గోటితో మీటి చూసి, ఇక సరేననుకుని, పెరట్లో రేకుల షెడ్డు కింద పీట వేసుకుంది.

పొడుగ్గా, పక్కపక్కనే రెండు గీతలు. వాటి మధ్యన అడ్డంగా ఒక చిన్న వంపు. చూడబోతే ఇంతే పని. చుట్టూ ఉన్న పెంకునంతా తవ్వి తీసెయ్యాలి, గీతలు మాత్రం నిలబడాలి. రెండు గీతలూ ఇట్టే వచ్చాయి. వంపు దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోతోంది. కత్తి పక్కన పెట్టి, అరచెయ్యి గౌనుకి తుడుచుకుని, మళ్ళీ ఎత్తుకుంటోంది. బట్టల మీద అద్దే అడింక్రా అచ్చులు చెక్కడం ఆమెకి ఊహ తెలిసినప్పటి నుంచీ వచ్చిన పనే. ఇలా చెయ్యి ఆగడమే కొత్త.

పెరటికి అటువైపు పీపాల్లో అద్దకం రంగు కోసం బెరడు ఉడుకుతోంది. నానబెట్టిన బెరడుని రోట్లో వేసి దంచే ఆడవాళ్ళకి చేతులతో పాటు నోళ్ళూ ఆడాలి. ఆ వారం వాళ్ళకి దొరికింది సర్పోమా చెల్లెలు అబ్రఫీ కడుపు. నేడో రేపో అన్నట్టుంది ఆమెకి. ఏ రోజున కంటుందా అని పందేలు వేసుకుంటున్నారు. పుట్టిన రోజునిబట్టే కదా పిల్లకి మొదటి పేరు. మిగతా పేర్లు ఎన్నయినా తర్వాత పెట్టుకోవచ్చు గానీ అది మాత్రం బిడ్డ తనతో తెచ్చుకునేది. అయితే ఆ పేరుతో పిలవడానికి తొందరపడకూడదు. ఎనిమిదో నాడు బిడ్డని వాకిట్లోకి తెచ్చి, నాలుక మీద నీళ్ళచుక్క, సారాచుక్క వేశాకే పిలవాలి. అందాకా బిడ్డ చుట్టం కిందే లెక్క. ఉంటుందో వెళ్ళిపోతుందో తెలియని చుట్టానికి పేరేమిటి?

“బుధవారం మాత్రం కనకే తల్లీ, బుధవారం పిల్లలు వట్టి మొండిఘటాలు” అంది రోకలి పట్టుకున్న ఆవిడ.

“నువ్వు పుట్టింది బుధవారమేగా అత్తా” అంది అబ్రఫీ, వంకాయలు తరుగుతూ తల ఎత్తకుండానే. దంచేవాళ్ళంతా రోకళ్ళు వదిలేసి నవ్వారు.

ఆ నవ్వులు విని డూకూ మామయ్య వచ్చాడు. ఆ పెరడు ఆయనది, ఆ ఇల్లు ఆయనది, తన అక్క ఫోసువా పిల్లలిద్దరి బరువూ బాధ్యతా ఆయనవే. పైబట్ట ఎడమ భుజాన వేసుకుని, కాళ్ళకి నల్ల తోలు చెప్పులతో రంగుబురదలోనే టకటకా నడిచేస్తాడు. ఆ చెప్పులు ఆయన విడిచేది రాజుగారి ముందూ, పోయిన మనిషి ముందూ మాత్రమేనని, పడుకునేటప్పుడు కూడా ఉంటాయేమో ఆయన భార్యని అడగాలని ఆడవాళ్ళు చాటుగా అనుకుంటారు.

పీపాలో పుల్ల ముంచి, రంగు ఎంత చిక్కబడిందో ఎండకి ఎత్తి చూసి, ఇంకాస్త ఇనప చిట్టెం వెయ్యమని చెప్పి, షెడ్డు దగ్గర ఆగాడు. సర్పోమా వెదురు పుల్లలు చీల్చి అచ్చు వెనక గుచ్చుతోంది. పుల్లలు మూడూ ఒకచోట చేర్చి గుడ్డపీలిక చుడితే పిడి అవుతుంది. ఆయన అచ్చు అందుకుని తిరగేసి చూశాడు.

“ఏమిటే ఇది? నిచ్చెనా? ఒకటే మెట్టుంది.”

“నిచ్చెన కాదు మామయ్యా.”

“మరి పేరేమిటి?”

“పేరు లేదు.”

ఆయన షెడ్డు గోడకేసి చూశాడు. మేకులకి వరసగా వేలాడుతున్నాయి, ఆయన చెక్కినవీ, ఆయన మేనమామ చెక్కినవీ, ఆయన మేనమామకి మేనమామ చెక్కినవీ. ఒక్కొక్క దానికీ ఒక పేరు, ఆ పేరు వెనక ఒక మాట. మరిచిపోయిందాన్ని వెనక్కి వెళ్ళి తెచ్చుకోవడం అని ఒకటి. దేవుణ్ణి తప్ప దేనికీ భయపడనని ఒకటి. పేరు లేనిది ఆ గోడ మీద లేదు.

“పేరు లేని గుర్తు వేసిన బట్ట ఎవడు కట్టుకుంటాడు?” అన్నాడు. అని, తనకు తనే గుర్తు చేసుకుని, “ఆఁ, నీ బట్టలు మనుషులు కట్టుకోరుగా. గోడలు కట్టుకుంటాయి. పాపం కుమాసి గోడలకి చలి ఎక్కువ” అని అచ్చు ఆమె ఒళ్ళో పడేసి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

సర్పోమాకి ఆ ఎగతాళి అలవాటే. కుమాసి కాలేజీలో బొమ్మలు వెయ్యడం చదువుకుని వచ్చిన దగ్గర్నుంచీ ఆమె పని ఇదే. పాత గుర్తుల్ని పెద్దవి చేసి, విరిచి, ఒకదానిలో ఒకటి కలిపి, ఇంటి గోడంత బట్టల మీద అద్దుతుంది. ఆ శనివారం కుమాసిలో ఆమె ప్రదర్శన మొదలవుతుంది. హాలు నడిపే లార్టే మేడమ్ మూడు పెద్ద బట్టలకి చోటిచ్చింది. రెండు అయిపోయాయి. మూడోది, అసలు ప్రదర్శనంతా దేనికోసమో అది, చావుకి కట్టుకునే నల్లబట్ట. దానిమీద నల్లరంగుతోనే ఆ కొత్త అచ్చు ఒక్కటే, అంచు నుంచి అంచు దాకా. నలుపు మీద నలుపు తడిగా ఉన్నంతసేపే మెరుస్తుంది. ఆరాక పక్కనుంచి వెలుతురు పడితే తప్ప కనబడదు.

తల్లి ఫోసువా ఉతికిన బట్టల మూట నడుముకి ఆనించుకుని అటుగా వచ్చింది. ఆ పెరట్లో బట్టలు నానబెట్టడం, ఉతకడం, ఆరెయ్యడం, మడతపెట్టడం ఆమెవి. అద్దకం ఎప్పుడూ మగవాళ్ళది. సర్పోమా చదువుకుని వచ్చింది కాబట్టి, గోడల పని కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. కూతురి ఒళ్ళో ఉన్న అచ్చు మీద ఫోసువా కళ్ళు పడ్డాయి. రెండు పొడుగు గీతలు, మధ్యన వంపు. ఆమె మూట కింద పెట్టి, పైనున్న బట్ట తీసి, మడిచినదాన్నే విప్పి మళ్ళీ మడిచింది. తర్వాత మూట అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

“అమ్మకేమైంది?” అంది అబ్రఫీ.

సర్పోమాకి చెల్లెలి దగ్గర దాపరికం లేదు. “నా బిడ్డది” అంది అచ్చు చూపించి. “అమ్మ కాళ్ళు చాపుకుని నీళ్ళు పోసేదే, అదిది. ఇవి అమ్మ కాళ్ళు. ఇది పిల్ల.”

అబ్రఫీ చేతిలో కత్తి ఆగింది. రెండో చెయ్యి తనకి తెలియకుండానే కడుపు మీదికి వెళ్ళింది.

•

ఆ సాయంత్రం ఫూఫూ ముద్దలు తిని చేతులు కడుక్కున్నాక మామయ్య అందర్నీ కూర్చోమన్నాడు. ఆయన మొహంలో పొద్దున్నటి నవ్వు లేదు. అబ్రఫీ భయపడి ఆయనకి చెప్పేసిందని సర్పోమాకి అర్థమైంది. చెల్లెలి మీద కోపం కూడా రాలేదు. నిండు గర్భిణి, ఎవరితోనో ఒకరితో చెప్పుకోవాలిగా.

మామయ్య గట్టిగా మాట్లాడలేదు. ఆయనకి కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఈ పెరట్లో ఉడికే రంగు పోయినవాళ్ళని సాగనంపే రంగు అన్నాడు. పోవాలంటే ముందు రావాలి. వారం తిరక్కుండా వెళ్ళిపోయిన బిడ్డ రానేలేదు, తొంగిచూసి వెళ్ళింది. అలాంటిదానికి ఏడుపు లేదు, నల్లబట్ట లేదు. ఏడిస్తే అది వెనక్కి తిరుగుతుంది; తిరిగిందంటే మళ్ళీ వస్తుంది, ఉండటానికి కాదు, ఏడిపించడానికి. అందుకే తల్లికి తెల్లబట్ట కట్టి, వేరుశెనగ పులుసు పోసి, ఏమీ జరగలేదనిపించేది. అది పెద్దవాళ్ళు బాగా ఆలోచించి పెట్టిన పద్ధతి.

“నువ్వూ కట్టుకున్నావు, నువ్వూ తిన్నావు” అన్నాడు. “అది అయిపోయింది. ఇప్పుడు దాన్ని లేపుతావా? పక్క గదిలో నీ చెల్లెలు కనబోతుంటే?”

సర్పోమాకి ఆ పులుసు గుర్తుంది. గిన్నె, అందులో కోడిముక్క, పైన తేలిన నూనె, అన్నీ గుర్తున్నాయి. పెట్టెలోంచి తీసిన తెల్లబట్ట మడతల వాసన గుర్తుంది. బిడ్డని చిన్న కుండలో పెట్టి ఊరి బయటికి తీసుకెళ్ళారట; ఎటువైపుకో ఆమెకి చెప్పలేదు. తలుపు దగ్గర తల్లి గిన్నె పట్టుకుని నిలబడి “తిను” అంది. అంతే అంది. సర్పోమా తింది. ఆ తర్వాత బిడ్డ తండ్రి కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తకుండా ఎత్తకుండానే ఒకనాడు టకోరాడి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు.

“మామయ్యా, నాకు ఆ తర్వాత రెండు వారాల పాటు పాలు కారాయి” అంది. “రవికలు తడిసిపోయేవి. ఎవరూ రాకపోతే మరి ఆ పాలు ఎవరికొచ్చాయి?”

మేనమామతో అనే మాట కాదది. ఆయన తల వంచుకుని తన చెప్పుల వంక చూసుకున్నాడు. కాసేపటికి, ఇంకా నెమ్మదిగా, ఆ అచ్చు ఈ పెరట్లో, ఈ రంగులో ముంచడానికి వీల్లేదన్నాడు. వేరే ఎవరి పెరట్లోనైనా వేసుకుంటానంటే తను చెయ్యగలిగేదేమీ లేదు గానీ, చెల్లెలి మొహం చూసి ఆ పని చెయ్యమన్నాడు.

అబ్రఫీ మొహం చూడాల్సిన పని లేకపోయింది. ఆమె ఏడుస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

సర్పోమా తల్లి వైపు తిరిగింది. తనని కన్నది, తన బిడ్డ కడుపులోంచి పడుతుంటే రెండు చేతులా అందుకున్నది, రోజూ పొద్దునా సాయంత్రం దాన్ని కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసింది ఆమె. ఆమె ఒక్క మాట అంటే చాలు. “అమ్మా, నువ్వు చెప్పు” అంది.

ఫోసువా ఒళ్ళో ఉన్న బట్ట అంచుని వేళ్ళతో సరిచేసుకుంటోంది. “మీ మామయ్య చెప్పాడుగా” అంది.

ఎంత అన్యాయం అనిపించింది సర్పోమాకి. నిషేధం పెట్టిన మామయ్య మీద కూడా అంత కోపం రాలేదు. ఆయన ఆ బిడ్డని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. అమ్మ ఎత్తుకుంది.

•

వేరే పెరళ్ళు ఊళ్ళో లేకపోలేదు. అడిగితే గిన్నెడు రంగు ఇవ్వని వాళ్ళూ లేరు. మర్నాడు పొద్దున్నే సర్పోమా గిన్నె పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, అబ్రఫీ గది ముందు ఆగింది. అబ్రఫీ చాప మీద పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉంది. రాత్రి నిద్ర పోలేదని కళ్ళే చెబుతున్నాయి.

“అక్కా, నా బిడ్డ వాకిట్లోకి వచ్చాక వేసుకో. అప్పుడు నేనే బట్ట పట్టుకుంటా” అంది.

ప్రదర్శన శనివారం. సర్పోమా ఆ మాట అనలేదు. చెల్లెలి పాదాలు నీరు పట్టి ఉబ్బి ఉన్నాయి. వాటి కింద దిండు సర్ది, గిన్నె వంటింట్లో బోర్లించి వచ్చేసింది. ఇంకొకరి బిడ్డని భయపెట్టి తన బిడ్డకి చేసేదేమిటి అనుకుంది. అనుకుందే గానీ, పెరట్లో పరిచి మేకులు కొట్టి ఉంచిన నల్లబట్ట చుట్టూ రెండుసార్లు తిరిగింది. వంగి ఒక్కొక్క మేకూ ఊడదీసింది. బట్ట వదులైపోయింది.

అచ్చునైనా దాచుకుందామని షెడ్డులోకి వెళితే అది లేదు. పీట కింద, గోడ మేకులకి, పుల్లల బుట్టలో, ఎక్కడా లేదు. పీపా కింద మంట బాగా మండుతోంది. ఆ మంట చూసి ఆమెకి ఒళ్ళు మండింది. తిన్నగా మామయ్య దగ్గరకెళ్ళి అడిగేసింది, పొయ్యిలో పెట్టావా అని.

ఆయన నొచ్చుకున్నాడు. “ఈ పెరట్లో చెక్కిన అచ్చు దేన్నీ నేను కాల్చను” అన్నాడు. “పగిలినవి కూడా దాస్తానని నీకు తెలుసు. నీకు చెప్పాల్సింది మొహం మీదే చెప్పాను. వెనకనుంచి దొంగపని చేస్తానా?”

నిజమే. ఆయన చెయ్యడు. తప్పయిందని చెప్పి వచ్చేసింది. ఇక తీసేవాళ్ళు ఎవరున్నారో ఆలోచించడం ఆమెకి ఇష్టం లేకపోయింది. తల్లిని అడగలేదు. అసలు ఆ రెండు రోజులూ తల్లితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఫోసువా కూడా మాట్లాడించలేదు. ఆరేసిన బట్టలు తీసుకొచ్చింది, మడిచింది, కూతురు తినకుండా వదిలేసిన కంచం తీసి కడిగింది.

లార్టే మేడమ్ ఫోన్ చేసింది. బట్టల పక్కన గోడకి అతికించే చీటీలు అచ్చుకి వెళుతున్నాయట, మూడోదాని పేరూ, ఆ గుర్తు అర్థమూ కావాలట. పంపిన ఫోటో చూశానని, రెండు ఒడ్ల నడుమ పడవలా ఉందని, ‘ఆశ’ అని పెడితే బాగుంటుందని, వచ్చేవాళ్ళకి అర్థం ఉంటే ఇష్టమని గడగడా చెప్పుకుపోయింది. ఆవిడ మంచి మనిషే. ఏ గుర్తుకైనా ఆశ అనో ఐకమత్యం అనో పెట్టందే నిద్రపట్టదు.

“అది పడవ కాదు మేడమ్. పేరు లేదు, ఖాళీగా ఉంచండి” అంది సర్పోమా. “బట్ట కూడా ఖాళీదే వస్తుంది. దాని మీద ఏమీ ఉండదు.”

మేడమ్, ఖాళీ నల్లబట్ట అయినా పర్వాలేదని, ఈమధ్య అలాంటివి కూడా పెడుతున్నారని అంది. సర్పోమాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

శుక్రవారం ఆమె మొదటి రెండు బట్టలూ తీసుకుని ట్రోట్రో వ్యాను ఎక్కి కుమాసి వెళ్ళింది. నిచ్చెనలెక్కి వాటిని వేలాడదీసి, దీపాలు సరిచేయించి వచ్చేసరికి పొద్దు వాలింది. నల్లబట్టని ఫోసువా మడతపెట్టి, పాత గుడ్డలో మూటగట్టి గుమ్మం పక్కన ఉంచింది. రెండు ముడులు, ఎప్పటిలాగే గట్టివి. ఆమె వంటింటి అరుగు మీద కూర్చుని చేతులు సబ్బుతో రుద్దుకుంటోంది. ఎంతసేపు రుద్దుతుందో అనుకుంటూ సర్పోమా లోపలికి వెళ్ళి పడుకుంది.

•

శనివారం హాల్లోకి జనం వచ్చే ముందు సర్పోమా పనివాడి చేత మూడో బట్టని పైకి లాగించింది. అది నేల దాకా జారింది. నల్లగా, ఏమీ లేకుండా. ఆమె దానికి వీపు పెట్టి నిలబడి, రెండో బట్ట అంచు సరిచెయ్యడం మొదలుపెట్టింది. దాని వంక చూడబుద్ధి కాలేదు.

“ఖాళీ అన్నావు కదా?” అంది లార్టే మేడమ్ వెనకనుంచి.

మేడమ్ కిటికీ పక్కకి వెళ్ళి నిలబడింది. పొద్దుటి ఎండ ఏటవాలుగా బట్ట మీద పడుతోంది. సర్పోమా ఆవిడ పక్కకి వెళ్ళింది.

నలుపు మీద నలుపు. పై అంచు నుంచి కింది అంచు దాకా, వరస వెనక వరస. రెండు గీతలు, మధ్యన వంపు. వరసలు తిన్నగా లేవు. కొన్నిచోట్ల రంగు చుక్కలుగా కారింది, ముంచిన అచ్చుని విదిలించాలని తెలియని చెయ్యి. బుర్ర పెంకు వంకరగా ఉంటుంది కాబట్టి అచ్చుని ఒక చివరి నుంచి రెండో చివరికి ఒరిగిస్తూ అద్దాలి. ఇది తిన్నగా నొక్కిన అచ్చు. అలా నొక్కితే మధ్యభాగమే పడుతుంది. పొడుగు గీతలు ఎక్కడికక్కడ వెలిసిపోయి, చివరలు లేకుండా పోయాయి. నడుమ ఉన్న చిన్న వంపు మాత్రం ప్రతిచోటా నల్లగా, నిండుగా, ఒక్కటి కూడా తప్పకుండా పడింది.

ఈ చెయ్యి ఎవరిదో చెప్పక్కర్లేదు. పుట్టి బుద్ధెరిగి అచ్చు పట్టని చెయ్యి.

తమ ఊరు న్టోన్సో నుంచి తనవాళ్ళు వచ్చేసరికి హాలు సగం నిండింది. రోకళ్ళ ఆడవాళ్ళు మంచి బట్టలు కట్టుకుని, గోడలకి వేలాడే బట్టల్ని చేత్తో పట్టి చూసి, నూలు ఎంత పడిందో అంచనా కడుతున్నారు. వాళ్ళ ముందు డూకూ మామయ్య, భుజాన పైబట్ట, కాళ్ళకి నల్ల చెప్పులు. వాళ్ళందరి వెనక ఫోసువా. ఆమె తెల్లబట్ట కట్టుకుంది. పెట్టె అడుగున ఉండే తెల్లబట్ట, సర్పోమాకి ఆ రోజు కట్టించినదే. మడతల గీతలు ఇంకా పోలేదు.

ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా నల్లబట్ట దగ్గరికి వచ్చి కూతురి పక్కన నిలబడింది. గోళ్ళ సందుల్లో నలుపు అలాగే ఉంది. ఈ రంగు సబ్బుకి పోదు, ఎవరికి తెలియకపోయినా ఆమెకి తెలుసు.

“అబ్రఫీ పట్టుకుంది బట్ట” అంది నెమ్మదిగా. “నేను దొంగతనంగా వెయ్యలేదు. దానికి చూపించి, ఇవి నా కాళ్ళే తల్లీ అని చెప్పా. అది కాసేపు చూసి, రేపు నా బిడ్డని వేసుకునేది కూడా ఈ కాళ్ళ మీదే కదా, వీటికి నేనెందుకు భయపడాలి అంది. అదే వచ్చి మేకులు కొట్టించింది.”

“మరి మామయ్య?”

“రంగు తగ్గిందని వాడికి తెలియదా? పీపాలో పుల్ల ముంచి చూశాడు. ఏమీ అడగలేదు.”

మామయ్య అప్పటికే బట్ట ముందుకి వచ్చేశాడు. అద్దకం బట్టని ఆయన ఊరికే చూడలేడు. ముక్కు ఆనేంత దగ్గరకెళ్ళి, పక్కకి జరిగి, మళ్ళీ వెలుగు పడే వైపునుంచి చూశాడు. వరసలు వంకర అన్నాడు. ఇక్కడ కారింది, ఇక్కడా కారింది అన్నాడు. “రెండు చివర్లూ పడలేదు. ఇలా పొడిచినట్టు నొక్కితే మధ్యది తప్ప ఏం పడుతుంది?” అంటూ వేలితో ఒక వంపు మీద రాశాడు. ఆ వేలు అక్కడే ఆగింది. పక్కదాని మీదికి వెళ్ళింది, అక్కడా ఆగింది. ఆయన అక్క వైపు చూశాడు, ఆమె కట్టుకున్న బట్ట వైపు చూశాడు. గొంతు తగ్గింది.

“దీని పేరేమిటక్కా?” అన్నాడు.

మేడమ్ చీటీతో అక్కడే ఉంది. చీటీలో పేరు రాయాల్సిన చోట ఖాళీ. లేదని చెప్పడానికి సర్పోమా నోరు తెరిచింది. తన బిడ్డకి లేనిది దాని గుర్తుకి ఎక్కడినుంచి వస్తుంది? ఆ మాట ఎన్నిసార్లో చెప్పింది, ఇంకోసారి చెప్పడానికి సిద్ధమైంది.

“అఫువా” అంది ఫోసువా.

సర్పోమా తల్లి వైపు తిరిగింది.

“శుక్రవారం పుట్టింది కదా” అంది ఫోసువా. బట్ట వైపే చూస్తూ అంది, ఎవరికీ సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు లేదు. “నీళ్ళు పోసేటప్పుడు పిలిచేదాన్ని. పిలవకూడదని తెలుసు. నీళ్ళ చప్పుడుకి ఎవరికీ వినబడదులే అని పిలిచేదాన్ని. కళ్ళు తెరిచి చూసేది. పలికేది నాతో.”

మంచం మీద పడుకుని, తెరిచిన తలుపులోంచి చూస్తుండేది సర్పోమా. చాపిన కాళ్ళు, వాటి నడుమ పిల్ల, చెంబుతో నీళ్ళు. అమ్మ పెదాలు కదిలేవి. ఏదో పాట అనుకునేది, దగ్గరికి వెళ్ళి విందామంటే లేవడానికి ఓపిక ఉండేది కాదు. రేపు వినొచ్చులే అనుకునేది. ఆ తర్వాత తలుపు దగ్గర గిన్నె పట్టుకుని నిలబడి “తిను” అన్నదీ ఆ పెదాలే. ఆ రోజు అమ్మ ఎలా తిన్నదో, అసలు తిన్నదో లేదో, ఇన్నేళ్ళలో ఒక్కసారీ తను అడగలేదు.

“అఫువా” అంది సర్పోమా. తన బిడ్డని పిలవడం అదే మొదలు.

డూకూ మామయ్య ఎడమ భుజం మీది పైబట్టని చేత్తో పట్టుకుని నెమ్మదిగా నడుము దాకా జార్చాడు. తర్వాత ఒక కాలు, ఆ తర్వాత ఇంకో కాలు, చెప్పుల్లోంచి బయటికి తీసి ఉత్త పాదాలతో ఆ హాలు నేల మీద నిలబడ్డాడు. రోకళ్ళ ఆడవాళ్ళు ఆయన చెప్పుల వంక చూశారు. చూసి, మాటలు ఆపేసి, ఒక్కొక్కరే వచ్చి ఆయన వెనక నిలబడ్డారు.

సర్పోమా ఏడ్చింది. ఆ రోజు ఏడవాల్సిందంతా, నిలబడిన చోటే, పెద్దగా, హాలంతా వినబడేలా ఏడ్చింది. ఫోసువా ఆమె తలని తన తెల్లబట్ట మీదికి లాక్కుంది. ఏడవకు అని ఎవరూ అనలేదు.